హాస్టల్ నుంచి పంపేయడమా, చికిత్సకు పంపడమా?

తిరుపతి యూనివర్సిటీ హాస్టళ్లలో పదేపదే తాగి దొరికే విద్యార్థి విషయంలో అధికారుల ముందు రెండు దారులుంటాయి: తల్లిదండ్రులను పిలిపించి సస్పెండ్ చేయడం, లేదా చదువు సాగనిస్తూనే కౌన్సెలింగ్‌కు, అవసరమైతే చికిత్సకు పంపడం.

మొదటిది ఒక్క పూటలో ముగుస్తుంది. తోటివారిపై చేయి చేసుకున్నవాడి విషయంలో అది తప్పదు కూడా. అయితే అలా పంపేసిన ఒక కుర్రవాణ్ని నేను బస్టాండులో మదనపల్లె బస్సు కోసం ఎదురుచూస్తుండగా చూశాను. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా వణుకు ఆగలేదు, టీ చొక్కా మీద ఒలికింది. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణాపాయమూ కలగవచ్చు. అటువంటి బిడ్డను ఏమీ చెప్పకుండా ఇంటికి పంపితే, పరువు పోయిందన్న బాధలో ఉన్న తల్లిదండ్రులు ఆ వణుకును భయమనుకుంటారే తప్ప జబ్బు అనుకోరు.

రెండవ దారికి ఓపిక కావాలి. తాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ (AUDIT) ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలే. 40కి 8 లేదా అంతకు మించి వస్తే తాగుడు హానికర స్థాయికి చేరిందని భావిస్తారు. ఆరంభ దశలో ఉన్నవారికి కొద్ది నిమిషాల సూటి సంభాషణ కూడా మేలు చేస్తుంది. ముదిరినవారికి రుయా ఆసుపత్రి ఊళ్లోనే ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది. కాకపోతే కౌన్సెలర్‌కు చెప్పిన మాట సాయంత్రానికి వార్డెన్ చెవిన పడితే మరో విద్యార్థి ఆ గడప తొక్కడు. ఆ గోప్యతకు హామీ ఇవ్వగలిగితే నేను రెండవ దారినే కోరుతాను.