క్యాటలీనా 22 ట్రైలర్‌తో అయిదేళ్లు: కారు తడవదు, హబ్‌లు జాగ్రత్త

మా క్యాటలీనా 22 అనే చిన్న తెరచాప పడవని మోసే ఒకే ఇరుసు ట్రైలర్‌లో నాకు ప్రాణం లాంటిది ముందు దూలానికి చేయించిన ఎనిమిది అడుగుల ఎక్స్‌టెన్షన్.

కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) పూర్తిగా పైకి లాగినా ఈ పడవకు రెండడుగుల నీళ్లు కావాలి. ట్రైలర్ మీంచి లేచి తేలాలంటే ఇంకా లోతుండాలి. మేముండే డాలస్ దగ్గర లేక్ లూయిస్‌విల్‌లో వేసవి చివర నీళ్లు తగ్గితే, కారు వెనక చక్రాలు మునిగేదాకా వెనక్కి పోవాల్సి వచ్చేది. అందుకే దూలంలో ఇమిడే చదరపు ఉక్కు గొట్టం వెల్డింగ్ షాపులో చేయించాను. పిన్ను తీసి, గొట్టం లాగి, మళ్లీ పిన్ను వేయడమే. కారు గట్టునే ఉంటుంది, పడవ దానంతటదే తేలుతుంది. మొదట్లో కనిపించిన ప్రతివాళ్లకీ ఇది పెట్టించుకోమని చెప్పేవాణ్ణి.

ఇప్పుడూ చెబుతాను, కానీ ఇంకో మాట కలిపి. కారు తడవట్లేదన్న ధీమాలో ట్రైలర్ చక్రాల సంగతి మర్చిపోయాను. మూడో ఏడు ఎండల్లో ఐ-45 హైవే మీద అయిదు గంటలు లాగి, తీరంలో ఉన్న కెమాలో ఆగీ ఆగగానే ఉప్పునీళ్లలోకి దించేశాను. వేడెక్కిన హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. వారం తర్వాత తిరిగొస్తుంటే, హంట్స్‌విల్ దాటాక మా తమ్ముడు అద్దంలో చూసి "అన్నయ్యా, ఎడమ చక్రంలోంచి పొగొస్తోంది" అన్నాడు. రిమ్ము నిండా గ్రీజు చిమ్మి ఉంది. జాకీ వేసి ఊపితే చక్రం వదులుగా ఆడుతోంది. ఆదివారం కావడంతో బేరింగులు దొరికేసరికి రాత్రయింది. అంతసేపూ రెండువేల పౌన్ల పైచిలుకు పడవతో రోడ్డు పక్కన, పెద్ద లారీలు దూసుకుపోతుంటే పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. ఇరుసు కొస మాత్రం దెబ్బతినలేదు.

తర్వాత హబ్‌లకి, లోపలి గ్రీజుని నొక్కిపెట్టి ఉంచే స్ప్రింగ్ ఉన్న క్యాపులు వేయించాను. అవి ఉన్నాయి కదా అని గ్రీజు దట్టిస్తే వెనక సీలే ఊడొస్తుంది. గ్రీజు నింపిన హబ్ ఒకటి డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం వరస మార్చడం: ముందు గట్టు మీదే మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) నిలబెట్టి, తాళ్లన్నీ బిగిస్తాం. ఈలోగా హబ్‌లు చల్లారతాయి. చెయ్యి ఆనించి చూశాకే నీళ్లలోకి దించుతాం.

నాది పైకి లాగేందుకు వీలుండే స్వింగ్ కీల్, పడవని నీళ్లలోకి దించే మా ర్యాంపుకి వాలు తక్కువ. కీల్ కదలకుండా బిగించి ఉండే ఫిక్స్‌డ్ కీల్ పడవకి ఎనిమిది అడుగులు చాలకపోవచ్చు. ఏడాదంతా పడవని మెరీనాలోనే ఉంచేవాళ్లకి ఈ ఖర్చు అక్కర్లేదు. నేను మళ్లీ ట్రైలర్ కొన్నా ఎక్స్‌టెన్షన్ చేయిస్తాను, డబ్బు సరిపోతే ఈసారి రెండు ఇరుసులది చూస్తాను.