బ్రస్సెల్స్‌లో యూరోపియన్ అఫైర్స్ సెమిస్టర్, వెళ్ళొచ్చాక నా రివ్యూ

జూనియర్స్ చాలామంది అడుగుతున్నారు, అక్కా ఆ ప్రోగ్రాంకి అప్లై చెయ్యొచ్చా, అంత డబ్బు పెట్టొచ్చా అని, ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. నేను హైదరాబాద్‌లో ఎంఏ పొలిటికల్ సైన్స్ చేస్తూ ఫిబ్రవరి నుంచి జూన్ దాకా అక్కడ ఉన్నా. చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, కానీ కొన్ని విషయాలు ముందే తెలుసుకుని వెళ్ళండి.

అన్నిటికన్నా ముందు కౌన్సిల్ సిమ్యులేషన్ గురించి చెప్పాలి, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) దేశాల మంత్రులు కూర్చుని చట్టాలు తేల్చే సభని మేం నటించి చూడటం. ఒక్కొక్కరికి ఒక్కో దేశం ఇచ్చి మూడు వారాలు బేరాలాడించారు, నాకు మాల్టా వచ్చింది. లిస్టు చూసి ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే ఆ దేశం మొత్తం జనాభా ఐదున్నర లక్షలు, మా గుంటూరు ఊరంత కూడా లేదు, జర్మనీ ఫ్రాన్స్ ఉండగా నా మాట ఎవరు వింటారు అనుకున్నా. కానీ అక్కడ రూల్ వేరు. చాలా విషయాల్లో చట్టం పాసవ్వాలంటే 27 దేశాల్లో 15 ఒప్పుకోవాలి, పైగా ఆ ఒప్పుకున్న దేశాల జనాభా కలిపితే మొత్తంలో 65 శాతం ఉండాలి, రెండూ కుదరాలి. అంటే పెద్ద దేశాలన్నీ ఒక్కటైనా 15 లెక్క నిండాలంటే చిన్నవాళ్ళ దగ్గరికి రావాల్సిందే. మాకిచ్చిన టాపిక్ 2024లో పాసైన మైగ్రేషన్ ఒప్పందం. సముద్రం మీద పడవల్లో వచ్చేవాళ్ళు ముందు చేరేది మాల్టా, ఇటలీ, గ్రీస్ లాంటి చోట్లకే కదా, మరి వాళ్ళని మిగతా దేశాలు పంచుకోవాలా, లేదా మనిషికి 20,000 యూరోలు లెక్కన డబ్బు కట్టి ఊరుకోవచ్చా, దీని మీదే గొడవంతా. ఆఖరి రోజు 'చెయ్యాలి' అని రాయాలా 'చెయ్యొచ్చు' అని రాయాలా అనే ఒక్క మాట మీద రాత్రి తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. రెండేళ్ళు పుస్తకాల్లో చదివింది ఆ రాత్రి అర్థమైంది నాకు.

తర్వాత ఈయూ పార్లమెంటు గ్యాలరీ. మొత్తం 720 మంది సభ్యులు, జర్మనీకి 96, మాల్టాకి 6. ఏ దేశానికీ 96 దాటవు, 6 కంటే తగ్గవు, అని వాళ్ళ ఒప్పందంలోనే రాసుకున్నారు. ఇది విన్నప్పుడు నాకు వెంటనే మన సీట్ల గొడవ గుర్తొచ్చింది, లోక్‌సభ సీట్లు రాష్ట్రాలకి 1971 జనాభా లెక్కల మీద పంచినవి, మళ్ళీ పంచితే ఏపీ 25, తెలంగాణ 17 వాటా తగ్గిపోతుందేమో అని ఇక్కడ అందరికీ దిగులు. నా టర్మ్ పేపర్ ఇదే టాపిక్ మీద రాశా, మా ప్రొఫెసర్ వారం వారం కూర్చోబెట్టుకుని ప్రతి పేజీ దిద్దారు, ఆవిడ ఒక్కరి కోసమైనా ఈ ప్రోగ్రాంకి వెళ్ళొచ్చు అంటాను.

ఇంకోటి, ఆ గ్యాలరీలో హెడ్‌ఫోన్స్ ఇస్తారు, అధికార భాషలు 24, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడతారు, మనకి కావల్సిన ఛానల్ తిప్పుకోవడమే. మాల్టీస్ ఛానల్ కూడా ఉంది చూడండి, అంత చిన్న భాషకి కూడా దుబాసీలు! ఎనిమిది కోట్ల మంది మాట్లాడే నా తెలుగు తలుచుకుంటూ చాలాసేపు ఆ ఛానలే పెట్టుకుని విన్నా, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

ట్రిప్స్ బాగా ప్లాన్ చేశారు. లక్సెంబర్గ్‌లో ఈయూ కోర్టు, అక్కణ్ణుంచి షెంగెన్ ఊరు, దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసే ఒప్పందం మీద 1985లో నది మీద పడవలో సంతకాలు పెట్టిన చోటు, నిజంగానే చిన్న పల్లెటూరు. స్ట్రాస్‌బర్గ్ ఊరు బాగుంది కానీ పార్లమెంటు సెషన్ హడావుడిలో పెద్దగా చూడలేదు. బెల్జియంలోనే ఉన్న ఈప్ర్ ఊరు మాత్రం మర్చిపోలేను. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో మన సైనికులు ఆ చలిలో పోరాడిన నేల అది. ఆ యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా కట్టిన మెనిన్ గేట్ దగ్గర రోజూ సాయంత్రం ఎనిమిదింటికి బూర ఊదుతారు, గోడల మీద చెక్కిన వేల పేర్లలో మన భారతీయుల పేర్లు కూడా ఉన్నాయి, అవి వేలితో తడుముతూ చదువుతుంటే గొంతు పట్టేసింది.

ఇక బాగాలేనివి. ఎకనామిక్స్ కోర్సు చాలా నిరాశ, స్లైడ్స్ చూసి చదవడం తప్ప ఏం లేదు, ఒక్క ప్రశ్నకి కూడా సరిగ్గా జవాబు రాలేదు, కోర్సు అయిపోయాక ఫీడ్‌బ్యాక్ ఫారంలో కూడా ఇదే రాశా. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం అని బ్రోచర్లో ఉంది, తీరా వెళ్ళాక ఒక ఆఫీసుల లిస్టు మెయిల్ చేసి ఊరుకున్నారు, ఇది మాత్రం అన్యాయం, ఆ మాట నమ్మి లోన్ తీసుకుని వచ్చినవాళ్ళు మా బ్యాచ్‌లో ఇద్దరున్నారు. మీరు ఫీజు కట్టే ముందే ఈ విషయం మెయిల్లో రాయించుకోండి. రూమ్ కూడా వాళ్ళిచ్చింది క్లాసుకి 50 నిమిషాల దూరం. దిగిన వెంటనే కమ్యూన్ ఆఫీసులో, అంటే మన మున్సిపల్ ఆఫీసు లాంటి చోట, పేరు నమోదు చేయించుకోవాలి, తర్వాత పోలీసు ఇంటికొచ్చి నిజంగా ఉంటున్నామా లేదా అని చూస్తాడు, కాబట్టి కాలింగ్ బెల్ మీద మీ పేరు అతికించుకోవడం మర్చిపోకండి, నాది లేకపోవడం వల్ల అక్కడ ఉండటానికిచ్చే రెసిడెన్స్ కార్డు రావడం చాలా లేటైంది, ఆ కంగారులో రెండు వారాలు సరిగ్గా నిద్ర లేదు.

ఖర్చు సంగతికొస్తే పార్లమెంటు గురించి చూపించే పార్లమెంటేరియం, లియోపోల్డ్ పార్కులో ఉన్న యూరప్ చరిత్ర మ్యూజియం రెండూ ఫ్రీ, ఒక్కోదానికి సగం రోజు పెట్టుకోండి. కూరగాయలు సూపర్ మార్కెట్లో కొనకండి, ఆదివారం పొద్దున మిడి స్టేషన్ దగ్గర పెద్ద సంత జరుగుతుంది, మధ్యాహ్నం సర్దేసే టైముకి వెళ్తే ఇంకా తగ్గించి ఇస్తారు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, వంకాయలు అన్నీ దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.