పద్నాలుగు పుస్తకాలు, ఒక చేట చిక్కుడుకాయలు

‘ద వీల్ ఆఫ్ టైమ్’ అనే ఇంగ్లీషు ఫాంటసీ నవలల సిరీస్‌ని నేను మూడో పుస్తకం నుంచి మొదలుపెట్టాను. తెలియక జరిగిన పని. 2022 డిసెంబరులో మావాడికి హైదరాబాదులో ఏదో పరీక్ష ఉంటే తోడు వెళ్ళాను. వాణ్ణి సెంటర్ లోపలికి పంపించాక నాలుగు గంటలు ఏం చేయాలో తోచలేదు. ఆదివారం కదా అని అబిడ్స్ వెళ్ళాను. ఆ రోజు షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ ఒక లావుపాటి పుస్తకం కంటపడింది. నల్ల అట్ట, మధ్యలో చక్రం, ఆ చక్రాన్ని చుట్టుకుని తన తోకను తానే నోట కరుచుకున్న పాము. పేరు ‘ద డ్రాగన్ రీబార్న్’. పాము బొమ్మ చూసి చెయ్యి చాచాను, నిజం చెప్పాలంటే అంతే. 200 అన్నాడు, 120కి ఇచ్చాడు.

రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మొదలుపెట్టాను. రాజమండ్రి వచ్చేసరికి వంద పేజీలు అయ్యాయి కానీ ఎవరు ఎవరో తెలిస్తే ఒట్టు. తోడేళ్ళతో మనసులో మాట్లాడే పెర్రిన్ అనే కమ్మరి కుర్రాడొకడు ఉన్నాడు. వీడే హీరో అని ఫిక్స్ అయిపోయాను. రాండ్ అని ఇంకొకడి గురించి అందరూ భయంభయంగా మాట్లాడుకుంటారు, వాడు మాత్రం కనబడడు. విలన్ కాబోలు అనుకున్నా. వారం తర్వాత మావాడు ఆ పుస్తకం చూసి పడీ పడీ నవ్వాడు. “అమ్మా, ఇది మూడోది. ముందు రెండున్నాయి, వెనక పదకొండున్నాయి. రాండే హీరో. ఈ ఒక్క పుస్తకంలోనే వాడు సరిగా కనబడడు.”

మొత్తం 14 సంపుటాల కథలో హీరో దాదాపు సెలవు పెట్టిన పుస్తకమే నా చేతికి వచ్చిందన్నమాట. పోనీ డ్రాగన్ అయినా కనిపిస్తుందా అంటే అదీ లేదు. ఇందులో డ్రాగన్ అనేది ఒక మనిషికున్న బిరుదు.

ఈ సిరీస్ రాసినది రాబర్ట్ జోర్డన్. అది కలం పేరు, అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ జూనియర్, అమెరికాలోని చార్ల్స్‌టన్ ఊరివాడు, వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. మొదటి పుస్తకం ‘ది ఐ ఆఫ్ ద వరల్డ్’ 1990లో వచ్చింది, చివరిది 2013లో. సుమారు 44 లక్షల పదాలు. 2004లో వచ్చిన ‘న్యూ స్ప్రింగ్’ అనే పూర్వకథ దీనికి అదనం. దాన్ని ముందు చదవకండి, అందులో ఎవరెవరు ముఖ్యులో మీకు అర్థం కాదు. మూడోదానితో మొదలుపెట్టిన నేను సలహా ఇవ్వడం విడ్డూరమే అనుకోండి.

నేను రాజమండ్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. నెలలో పది పన్నెండు రాత్రులు డ్యూటీ. శాంపిల్స్ మెషీన్‌లో పెట్టి రిజల్ట్ వచ్చేవరకు కూర్చునే ఆ ఇరవై నిమిషాలూ అరగంటలూ కలిపితేనే ఈ సిరీస్ పూర్తయింది. రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది.

అయితే దీన్ని నేనొక్కదాన్నే చదవలేదు. మా అత్తయ్యగారు కూడా ‘చదివారు’. ఆవిడకి ఇంగ్లీషు రాదు. సాయంత్రాలు వంటింటి గుమ్మం దగ్గర చేటలో చిక్కుడుకాయలు వేసుకుని ఇద్దరం ఈనెలు తీస్తుంటే, ఓ రోజు “ఏమిటమ్మాయ్, ఆర్నెల్ల నుంచీ అదే పుస్తకమా?” అన్నారు. “అదే కాదత్తయ్యా, ఇది నాలుగోది” అని కథ కొంచెం చెప్పాను. మర్నాడు కూర ముందు పెట్టుకుని ఆవిడే అడిగారు. “ఇవాళ మజిలీ లేదా?”

ఆవిడ చిన్నప్పుడు గ్రంథాలయం నుంచి మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు ఒక్కొక్క భాగమే తెచ్చుకుని మొత్తం 12 భాగాలూ చదివిన మనిషి. మణిసిద్ధుడు కాశీకి పోతూ దారిలో ప్రతి మజిలీలోనూ గొల్లపిల్లవాడికి ఒక కథ చెప్పాలి, అదే ఒప్పందం. మా ఇంట్లో గొల్లపిల్లవాడి వయసు డెబ్భై నాలుగు. కథలో కథ, దాంట్లో ఇంకో కథ, ఎక్కడో వదిలేసిన రాజకుమారుడు మూడు భాగాల తర్వాత తిరిగి రావడం ఇవేవీ ఆవిడకి కొత్త కాదు. నాకు పాత్రలు గుర్తుండక వెనక్కి తిప్పుకుంటూ ఉంటే ఆవిడ మాత్రం ఒక్కరినీ మరచిపోలేదు. కాకపోతే పేర్లన్నీ మార్చేశారు. నైనీవ్ అనే అమ్మాయి కోపం వచ్చినప్పుడల్లా తన జడ లాక్కుంటుంది కాబట్టి ‘జడపిల్ల’. పెర్రిన్ ‘తోడేళ్ళబ్బాయి’. జూదరి మ్యాట్ ‘పాచికల వెధవ’. ఎప్పుడూ నీలం వేసుకునే మొయిరేన్ ‘నీలం చీరావిడ’. ఆ లోకంలో చీరలు లేవని నేను చెప్పలేదు.

కథ మూలసూత్రం చెప్పినప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్నలు ఏ సమీక్షలోనూ నాకు కనబడలేదు. కాలం ఒక చక్రం, దానికి ఏడు ఆకులు, ఒక్కో ఆకు ఒక్కో యుగం, చక్రం తిరిగేకొద్దీ అవే యుగాలు మళ్ళీ వస్తాయి, మనుషులు మళ్ళీ పుడతారు. “మనవి నాలుగేగా, వీళ్ళకి ఏడెందుకు?” అన్నారు. చక్రాన్ని తిప్పే మహాశక్తిలో ఆడసగం, మగసగం అని రెండున్నాయి, మగసగం మీద సైతాను లాంటివాడు విషం చల్లాడు, అందుకని దాన్ని ముట్టుకున్న మగవాడికల్లా పిచ్చెక్కుతుంది అన్నాను. “శక్తి ముట్టుకోకుండానే ఎక్కుతోంది కదమ్మా” అన్నారు, వరండాలో పేపరు చదువుతున్న మామయ్యగారి వైపు చూసి.

అసలు బిగువంతా ఇక్కడే ఉంది. లోకాన్ని కాపాడాల్సినవాడు ఆ శక్తిని వాడక తప్పదు, వాడితే పిచ్చివాడవక తప్పదు. రాండ్ అనే పల్లెటూరి గొర్రెల కాపరి ఈ రెండు తప్పని సంగతుల మధ్య పెద్దవాడవుతాడు. మొదటి పుస్తకంలో తండ్రితో బండి తోలుకుంటూ ఊళ్ళోకి వచ్చిన కుర్రాడూ, పన్నెండో పుస్తకంలో నవ్వడం మరచిపోయిన మనిషీ ఒకడే అని నమ్మించడానికి నిజంగానే అన్ని వేల పేజీలు కావాలి. చిన్న పుస్తకంలో అది మాటగా చెప్పగలరు. ఇక్కడ మనం వాడితో పాటు అరుగుతాం.

మొదటి పుస్తకం ఈ జాతి కథలు చదివినవాళ్ళకి పాతదారిలాగే ఉంటుంది. పల్లె, పండగ ముందురోజు రాత్రి రాక్షసుల దాడి, ఊరు వదిలి పరుగు. బావుంటుంది, అంతే. నన్ను పట్టేసింది నాలుగోది, ‘ద షాడో రైజింగ్’. అందులో ఎడారి మధ్య ఒక నగరం ఉంది, అందులో గాజు స్తంభాల తోట. ఆ ఎడారి జనానికి నాయకుడు కావాలనుకున్నవాడు ఆ స్తంభాల మధ్యనుంచి నడవాలి. ముందుకు వేసే ఒక్కొక్క అడుగుకీ ఒక్కొక్క తరం వెనక్కి వెళ్ళి, తన ముత్తాతల కళ్ళతో వాళ్ళ బతుకు చూస్తాడు. మనకి ముందు ఫలితం కనిపిస్తుంది, తర్వాత దాని కారణం, ఆ తర్వాత ఆ కారణానికి కారణం. చివరికొచ్చేసరికి ఆ జనం తమ గురించి తాము గర్వంగా చెప్పుకునేదంతా తలకిందులైపోతుంది. అదేమిటో చెప్పను. తద్దినం నాడు బ్రాహ్మణుడు మూడు తరాల పేర్లు చెప్పమంటే మా వారు రెండో పేరు దగ్గరే నాలుక కరుచుకుంటారు. ఈ అధ్యాయాలు చెప్పిన సాయంత్రం అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ళ ముత్తాత గోదావరి వరదలో ఊరు మారిన సంగతి చెప్పారు. మా పెళ్ళయి ఇరవై మూడేళ్ళు, ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ఇప్పుడు తిట్లు.

ఏడో పుస్తకం చివర మ్యాట్ మీద గోడ కూలుతుంది. ఎనిమిదో పుస్తకం మొత్తంలో వాడు లేడు. బతికున్నాడా అని అత్తయ్యగారు రోజూ అడిగేవారు, నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది చివర పెర్రిన్ భార్యని ఎత్తుకుపోతారు, ఆమెని విడిపించేసరికి పదకొండో పుస్తకం వస్తుంది. ఈ మధ్యలో గౌన్ల కుట్టుపని, టీ కప్పులు, ఎవరు ఎవరిని ఎలా చూసి ముక్కు ఎగరేశారు అన్నది పేజీలకి పేజీలు. ఆడవాళ్ళందరూ మగవాళ్ళని ఒకేలా ఈసడిస్తారు, మగవాళ్ళందరూ ఆడవాళ్ళు అర్థం కారని ఒకేలా నిట్టూరుస్తారు. మొదట నవ్వొస్తుంది, ఆరో పుస్తకానికి విసుగొస్తుంది. ఈ భాగాన్ని ఇంగ్లీషు పాఠకులు ‘స్లాగ్’ అంటారు. చిత్తడి పొలంలో నడకలాంటిదన్నమాట.

పదోది ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ గురించి ఒక్క నిజం చెబితే చాలు. తొమ్మిదో పుస్తకం చివర లోకం అదిరిపోయే సంఘటన జరుగుతుంది. పదోదానిలో చాలా భాగం, అదే రోజున మిగతా ఊళ్ళలో మిగతావాళ్ళు ఏం చేస్తున్నారో చెప్పడంతోనే సరిపోతుంది. నేను ఐదు నుంచి పది వరకు ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర కొత్తవి ఒకేసారి కొన్నాను. ఈ పదోదానిలో ఒక ఫారం రెండుసార్లు కుట్టేశారు. అంటే కొన్ని పేజీలు అయిపోగానే మళ్ళీ అవే పేజీలు, వాటి తర్వాత రావలసినవి లేవు. కోపం అది కాదు. అవే పేజీలు రెండోసారి చదువుతున్నానని నాకు పన్నెండు పేజీల తర్వాత గానీ తెలియలేదు! కథ అక్కడ అంత నెమ్మదిగా ఉంది మరి. వెనక్కి పంపుదామంటే గడువు దాటి ఎనిమిది నెలలైంది. లేని పేజీలు మావాడి ఫోనులో చదివాను.

2000లో తొమ్మిదోది చదివి, రెండేళ్ళకు పైగా ఆగి, 2003లో పదోది కొనుక్కున్న వాళ్ళని తలుచుకుంటే జాలేస్తుంది. మనకి ఆ బాధ లేదు. ఈ పుస్తకం ఆపేసి మరుసటిది తీయవచ్చు. నా మాట వింటే పదోది వేగంగా తిప్పేయండి, తప్పేమీ లేదు. 2005లో వచ్చిన పదకొండోది, ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’, మళ్ళీ పాత జోర్డన్.

జోర్డన్ తన చేతులతో పూర్తిచేసిన చివరి సంపుటం కూడా అదే. గుండెకి సోకే అమిలాయిడోసిస్ అనే అరుదైన జబ్బుతో 2007 సెప్టెంబరులో పోయారు. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి ఆ పేరు చదవగానే కాసేపు పుస్తకం మూసేశాను. జబ్బులో ఉండగానే మిగిలిన కథకి నోట్స్ తయారుచేశారు, ముగింపు సన్నివేశం ముందే రాసిపెట్టుకున్నారు. ఆయన భార్య హ్యారియట్ మెక్‌డూగల్ ఈ పుస్తకాలకి ఎడిటర్ కూడా. ఆవిడే బ్రాండన్ శాండర్సన్ అనే యువ రచయితని పిలిచి పూర్తి చేయించారు. ఒక్క పుస్తకం అనుకున్నది మూడైంది. అత్తయ్యగారు దీనికి ఆశ్చర్యపోలేదు. “భారతం ముగ్గురు రాయలా?” అన్నారు.

శాండర్సన్ చేతిలో కథ పరుగెత్తుతుంది, ముడులన్నీ విడతాయి. పన్నెండోదానిలో మ్యాట్ మాత్రం వేరే మనిషి. వాడి జోకులు వాడివి కావు, మేనమామ పెళ్ళిలో మైకు పట్టుకున్నవాడివి. తర్వాత్తర్వాత కుదురుకుంటాడు. చివరి పుస్తకంలో ‘ఆఖరి యుద్ధం’ అనే ఒకే ఒక్క అధ్యాయం రెండు వందల పేజీల దాకా ఉంటుంది. అది మొదలుపెట్టినప్పుడు డ్యూటీలో ఉన్నాను, తెల్లవారుజామున ఇంటికొచ్చి స్నానం కూడా చేయకుండా పెరట్లో కూర్చుని పూర్తిచేశాను. ఏడ్చాను. పాలబ్బాయి చూశాడు.

కొనేవాళ్ళకి: పెట్టె సెట్టు చూసి టెంప్ట్ అవకండి. మొదటి నాలుగు కొనండి, నాలుగోది నచ్చితే మిగతావి. పాత పుస్తకాల షాపుల్లో మధ్య సంపుటాలు దొరుకుతాయి, కానీ ఒక్కోటి ఒక్కో సైజు. నా అలమారాలో ఇవి ఒకే ఇంటి పిల్లల్లా లేవు. కొత్తవైతే వచ్చిన రోజే ఫారాలు చూసుకోండి. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవాళ్ళు కళ్ళజోడు పవరు సరిచేయించుకుని మొదలుపెట్టండి. పడుకుని చదివితే చెయ్యి జారి ముక్కు మీద పడుతుంది, ఎనిమిది వందల పేజీల బరువు మామూలుగా ఉండదు. పదకొండు నుంచి ఈ-రీడర్‌లోకి మారాను, రాత్రి డ్యూటీకి అదే సుఖం. పేర్లు ఎలా పలకాలో ప్రతి పుస్తకం చివరా ఉంది. నాకు ఐదోదాని దాకా ఆ సంగతి తెలీదు. 2021లో మొదలై మూడు సీజన్లకే 2025లో ఆగిపోయిన వెబ్ సిరీస్ ఒక్క ఎపిసోడ్ చూసి ఆపేశాను. అందులో జడపిల్ల మా జడపిల్ల కాదు.

మార్కులు వేయమంటే సిరీస్‌కి ఐదుకి నాలుగు. నాలుగో పుస్తకానికి ఐదు. పదోదానికి రెండు, దాన్ని కుట్టినవాళ్ళకి సున్నా.

నాది అయిపోయినా ఇంట్లో ఇంకా అవలేదు. అత్తయ్యగారికి పన్నెండోది నిన్న సాయంత్రం ముగించాను, గోరుచిక్కుళ్ళ మీద. ఇంకా రెండు బాకీ. పదమూడోదానిలో జడపిల్లకి ఒక పరీక్ష ఉంది, ఆ పరీక్షలో జడకి ఒక ప్రమాదం ఉంది. చెప్పకుండా దాటేద్దామా అనుకుంటున్నాను కానీ ఆవిడ పట్టేస్తారు. పొద్దున్నే బజారు నుంచి రెండు కిలోల తోటకూర తెప్పించి పెట్టారు.