మైదానమా, గ్యాలరీయా?

2025 జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్‌లోని నరేంద్ర మోదీ స్టేడియంలో బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే కచేరీ జరిగినప్పుడు, వేదిక ముందు మైదానంలో నిలబడటమా, గ్యాలరీలో సీటు తీసుకోవడమా అన్నది టికెట్టు కొనేటప్పుడే తేల్చుకోవలసి వచ్చింది.

మైదానంలో వేదికకు దగ్గరగా చోటు దొరికితే ఆ బృందం గాయకుడు క్రిస్ మార్టిన్ ముఖకవళికలను తెరతో పనిలేకుండానే చూడవచ్చు, బేస్ గిటారు మోత నేరుగా ఛాతీకి తగులుతుంది. అయితే ఆ చోటు కోసం గేట్లు తెరిచే వేళకే చేరుకుని గంటల తరబడి నిలబడాలి. మంచినీళ్లకు వెళ్లారంటే దాన్ని వదులుకున్నట్టే. పొట్టివారికైతే ముందువారి వీపులు, పైకెత్తిన ఫోన్లే కనిపిస్తాయి.

గ్యాలరీలో ఆ అవస్థ లేదు. పైగా ప్రేక్షకులకు కచేరీలో ఇచ్చే చేతిపట్టీల్లోని దీపాలు సంకేతం అందగానే ఒక్కసారిగా రంగు మారే దృశ్యం పైనుంచి చూసేవారికే పూర్తిగా అందుతుంది. కిందివారు అందులో భాగమే తప్ప దాన్ని చూడలేరు. ధ్వని విషయంలో మాత్రం గ్యాలరీ వెనుకబడుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది కనుక, వేదికకు 170 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి డ్రమ్ముపై దెబ్బ పడిన అర సెకను తర్వాత గానీ అది వినిపించదు.

మొదటిసారి వెళ్లేవారికి, పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్లేవారికి గ్యాలరీయే మేలు. పాటలన్నీ కంఠతా వచ్చినవారు మాత్రం, మోకాళ్లు సహకరిస్తే, మైదానాన్నే ఎంచుకోవాలి.