హెపటైటిస్‌ బి వైరల్‌ లోడ్‌ టెస్టు: ‘నాట్‌ డిటెక్టెడ్‌’ అంటే ఎంతవరకు?

లివర్‌ను దెబ్బతీసే హెపటైటిస్‌ బి వైరస్‌ (హెచ్‌బీవీ) రక్తంలో ఎంత ఉందో, అంటే ‘వైరల్‌ లోడ్‌’ ఎంతో, చూసే పరీక్ష ఇది. ల్యాబుల్లో ‘హెచ్‌బీవీ డీఎన్‌ఏ క్వాంటిటేటివ్‌’ పేరుతో చేస్తారు. మందు మొదలుపెట్టాలా వద్దా, వేసుకుంటున్న మాత్ర పనిచేస్తోందా అన్నది చూడటానికి దీన్ని మించింది లేదు. చిక్కంతా ‘టార్గెట్‌ నాట్‌ డిటెక్టెడ్‌’ (వైరస్‌ కనిపించలేదు) అని రిపోర్టు వచ్చాకే. జబ్బు పోయిందనుకుని కొందరు మాత్రా మానేస్తారు, లివర్‌ స్కానింగూ మానేస్తారు.

ఈ టెస్టు లెక్కపెట్టేది రక్తంలో తిరిగే వైరస్‌ని మాత్రమే. ఈ వైరస్‌ డీఎన్‌ఏ మొత్తం కలిపి సుమారు 3,200 అక్షరాలే. అందులో కొన్ని ముక్కలు లివర్‌ కణం సొంత డీఎన్‌ఏలోకి చొరబడి అతుక్కుపోతాయి. ఇన్‌ఫెక్షన్‌ తొలినాళ్లలోనే ఇది మొదలవుతుంది. అతుక్కున్న ముక్క నుంచి కొత్త వైరస్‌ పుట్టదు కాబట్టి లోడ్‌లో కనిపించదు. కానీ వైరస్‌ పైపొర ప్రోటీన్‌ మాత్రం దాన్నుంచి తయారవుతూనే ఉంటుంది. లోడ్‌ లేకపోయినా ఆ ప్రోటీన్‌ను పట్టే హెచ్‌బీఎస్‌ఏజీ రక్తపరీక్ష ఏళ్ల తరబడి పాజిటివ్‌ రావడానికి ఇదొక కారణం. ఆ ముక్క పోయిపోయి కణాలు ఆగకుండా విభజన చెందడానికి తోడ్పడే ‘టెర్ట్‌’ లాంటి జన్యువు పక్కన పడిందంటే, అణిగి ఉండాల్సిన ఆ జన్యువు మేలుకుంటుంది, కణం అదుపు తప్పి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. టెనోఫోవిర్‌, ఎంటెకావిర్‌ మాత్రలు కొత్త వైరస్‌ తయారీని ఆపి క్యాన్సర్‌ ముప్పును బాగా తగ్గిస్తాయి. అతుక్కున్న ముక్కను మాత్రం పీకలేవు.

అలాగని ఆ అంకెను తేలిగ్గా తీసుకోకూడదు. తైవాన్‌లో 3,653 మందిని ఏళ్లపాటు గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, లోడ్‌ పెరిగేకొద్దీ లివర్‌ క్యాన్సరూ పెరిగింది. మిల్లీలీటరు రక్తానికి 10,000 వైరస్‌ కాపీలు, అంటే సుమారు 2,000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) దాటితే ముప్పు స్పష్టంగా కనిపించింది.

శాంపిల్‌ సాధారణంగా ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తారు. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండే హెపారిన్‌, వైరస్‌ డీఎన్‌ఏను లెక్కపెట్టే పీసీఆర్‌ పద్ధతిని అడ్డుకుంటుంది. పరగడుపున ఉండక్కర్లేదు. రిపోర్టులో ముందు యూనిట్‌ చూడండి: ఒక ఐయూ అంటే సుమారు 5 కాపీలు. పాత రిపోర్టు కాపీల్లో, కొత్తది ఐయూలో ఉంటే, ఏమీ మారకపోయినా లోడ్‌ ఐదో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తుంది. 2,000 నుంచి 4,000 అయితే కంగారు వద్దు, అర లాగ్‌ (సుమారు మూడు రెట్లు) లోపు తేడా టెస్టులోనే వస్తుంది. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించుకోవడం మేలు.

సిర్రోసిస్‌ (లివర్‌ మచ్చలు కట్టి గట్టిపడటం) ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా లివర్‌ క్యాన్సర్‌ వచ్చినవాళ్లు, మన ఆసియా వాళ్లలో 40 దాటిన మగవాళ్లు, 50 దాటిన ఆడవాళ్లు లోడ్‌ సున్నా ఉన్నా 6 నెలలకోసారి అల్ట్రాసౌండ్‌ తీయించుకోవాలి. దానికి తోడు లివర్‌ క్యాన్సర్‌ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. ఏఎఫ్‌పీ ఒక్కటే చేయించుకుని సరిపెట్టుకోవద్దు, గడ్డ ఉన్నా అది నార్మల్‌గా రావచ్చు. డాక్టర్‌ చెప్పకుండా మాత్ర ఆపితే వైరస్‌ తిరగబెట్టి లివర్‌ ఒక్కసారిగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

డబ్బు కట్టే ముందు దగ్గర్లోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో అడగండి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద వైరల్‌ లోడ్‌ టెస్టు, టెనోఫోవిర్‌ మాత్రలు ఉచితం.