పిత్తనాళంలో రాయి మిగిలిపోతే: మళ్లీ ఎండోస్కోపీనా, ఆపరేషనా?

ఈఆర్‌సీపీ (నోటి ద్వారా గొట్టం పంపి రాళ్లు తీసే ఎండోస్కోపీ) చేశాక కూడా అమ్మ పిత్తనాళంలో, అంటే లివర్ నుంచి పేగులోకి పసరు పారే గొట్టంలో, ఒక పెద్ద రాయి ఉండిపోయింది. పసరు ఆగిపోకుండా నాళంలో ప్లాస్టిక్ స్టెంట్ (సన్నటి గొట్టం) వేసి ఇంటికి పంపారు. మలక్‌పేట నుంచి గచ్చిబౌలి దాకా తిరిగి ఇద్దరు డాక్టర్లను అడిగితే రెండు దారులు తేలాయి.

ఒకటి కొలాంజియోస్కోపీ. నోటి ద్వారానే సన్నటి కెమెరాను నాళంలోకి పంపి, రాయిని నేరుగా చూస్తూ లేజర్‌తో పగలగొట్టి, ముక్కల్ని బెలూన్‌తోనో బాస్కెట్‌తోనో లాగేస్తారు. పొట్ట మీద కోత ఉండదు కాబట్టి వయసు పైబడినవాళ్లకు, గుండె జబ్బున్నవాళ్లకు ఇదే నయం. కాకపోతే ఖర్చు ఎక్కువ, ఒక్కోసారి రెండోసారి కూడా వెళ్లాల్సి వస్తుంది, తర్వాత పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదం కొంత ఉంటుంది.

రెండోది లాపరోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్. నాళాన్ని తెరిచి రాయి తీసి, అదే మత్తులో గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) కూడా తీసేస్తారు. నాళం సన్నగా ఉంటే కుదరదు, కుట్టు దగ్గర పసరు కారే భయం ఉంది, బాగా చేయి తిరిగిన సర్జన్ కావాలి.

గాల్‌బ్లాడర్ ఇంకా ఉండి అందులోనూ రాళ్లుంటే నేను రెండోదే అడుగుతాను, ఒకేసారి రెండు పనులూ అయిపోతాయి. అమ్మకు గాల్‌బ్లాడర్ ఎప్పుడో తీసేశారు, పైగా షుగర్, అందుకే లేజర్‌కే ఒప్పుకున్నాం.

ఏది ఎంచుకున్నా స్టెంట్‌ను మాత్రం మర్చిపోకండి. మామూలుగా 3 నెలల్లో తీయడమో మార్చడమో చేయాలి, లేకపోతే మూసుకుపోతుంది. చలిజ్వరం, పచ్చకళ్లు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.