జవాబు చెప్పని మేడమ్‌కి అయిదుకి నాలుగు

గుంటూరులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర, భయపెట్టేదాన్ని ఎదుర్కోవడం నేర్పే ఈఆర్‌పీ అనే థెరపీ చేయించుకున్నాను. ఈ రివ్యూ దాని గురించే. క్లినిక్ పేరు మాత్రం రాయను. తెనాలిలో నాది జాకెట్లు కుట్టే షాపు. ఆనవాళ్ళు ఎక్కువ ఇస్తే నేనెవరో తెలిసిపోతుంది, రేపటి నుంచి ఆడవాళ్ళు పిల్లల్ని బయట అరుగు మీద కూర్చోబెట్టి లోపలికి వస్తారు.

ఎందుకంటే నా జబ్బు అలాంటిది. కస్టమరు వచ్చి పాపని కటింగ్ టేబుల్ మీద కూర్చోబెట్టి, సంచిలోంచి ఆది జాకెట్టు వెతుకుతూ ఉంటుంది. నా చేతిలో పెద్ద కత్తెర. ఉన్నట్టుండి 'ఇది ఆ పిల్ల మీద వేసేస్తే?' అని ఒక ఆలోచన. కోపం లేదు, కసి లేదు, పిల్లంటే ముద్దే. అయినా ఆలోచన వస్తుంది, బొమ్మతో సహా. చేతులు చెమటలు పట్టేవి. కత్తెర సొరుగులో పడేసేదాన్ని. తర్వాత సొరుగుకి తాళం. ఆ తర్వాత తాళంచెవి మా దగ్గర పనిచేసే అమ్మాయికి ఇచ్చేసి, "నువ్వే కత్తిరించవే, నాకు నడుం నొప్పి" అనేదాన్ని. పాపం ఆ పిల్లకి ఫాల్స్ కుట్టడం, కాజాలు తియ్యడం వచ్చు కానీ కటింగ్ రాదు. క్రాస్ కట్ జాకెట్టు ఒకటి చంక దగ్గర పాడైతే గుడ్డ కొనిచ్చి కుట్టాల్సి వచ్చింది. శ్రావణమాసంలో షట్టర్ దించేశాక రాత్రి పదింటికి కటింగ్ మొదలుపెట్టేదాన్ని, అప్పుడైతే పిల్లలు రారని.

ఇంట్లో ఇంకో రకం గోల. రాత్రి మా ఆయన్ని అడిగేదాన్ని, "నేను అలాంటిదాన్నా? నిజంగా చేస్తానంటావా?" అని. "ఛ, చీమకి కూడా హాని చెయ్యవు నువ్వు" అనేవారు. ప్రాణం కుదుటపడేది, ఓ గంట. మళ్ళీ అదే ప్రశ్న. ఆలోచన వచ్చినప్పుడల్లా మనసులో 'రామ రామ' అనుకోవడం కూడా అలవాటైంది. తప్పుగా అనుకున్నానని అనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి అనుకోవాలి. దేవుడి పేరు కూడా డ్యూటీలా అయిపోయింది.

దీనికి ముందు వాడినవి క్లుప్తంగా చెప్పేస్తాను. ఒక ధ్యానం యాప్: నిద్రకి పర్వాలేదు, కత్తెరకి పనికిరాలేదు. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ప్యాకేజీ ఒకటి: ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదటి నుంచి, చివరికి "పాజిటివ్‌గా ఆలోచించండి మేడమ్". మా ఊళ్ళో ఒక డాక్టరు నిద్రమాత్ర రాశారు. హాయిగా పడుకున్నాను, లేచేసరికి ఆలోచన నా కంటే ముందే లేచి కూర్చుంది. అత్తయ్య కట్టించిన తాయెత్తుకి సైడ్ ఎఫెక్ట్స్ లేవు, అది మాత్రం ఒప్పుకోవాలి.

దారి చూపించింది టెలీ మానస్. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున మొదలుపెట్టిన ఉచిత లైను ఇది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. డాబా మీదకి వెళ్ళి చేశాను. అటువైపు అమ్మాయి నేను చెప్పింది విని కంగారుపడలేదు, ఛీ అనలేదు. ఆ ఆలోచన వస్తే ఇష్టంగా ఉంటుందా, భయంగా ఉంటుందా అని అడిగింది. ఇది ఓసీడీ కావచ్చు, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి పదేపదే ఏదో ఒకటి చేసే జబ్బు, క్లినికల్ సైకాలజిస్టుని గానీ సైకియాట్రిస్టుని గానీ కలవమని చెప్పింది. ఓసీడీ అంటే చేతులు పదేపదే కడుక్కోవడమే అనుకునేదాన్ని. కత్తెర దాచడం కూడా అదే జాతి అని ఆ రాత్రే తెలిసింది.

మనిషిని ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి. బోర్డు మీద 'కౌన్సెలర్' అని ఎవరైనా రాసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగొచ్చు, అడిగితే తప్పు పట్టరు. నేను వెళ్ళిన మేడమ్ ఆ నంబరు గోడ మీదే పెట్టుకున్నారు. ఓసీడీకి ఈఆర్‌పీ చేస్తారా అని కూడా ఫోన్లోనే అడగండి. "అన్నీ చేస్తామండీ" అంటే ఇంకో చోటికి ఫోన్ చెయ్యండి.

మొదటి సెషన్ పూర్తిగా ప్రశ్నలే. పది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, 40 మార్కులకి. ఆలోచనలు రోజులో ఎంతసేపు తింటున్నాయి, ఆపుకోగలుగుతున్నారా, పని చెడుతోందా, ఇలా. నాకు 26 వచ్చింది. బళ్ళో ఎప్పుడూ అంత శాతం రాలేదు నాకు. 24 నుంచి తీవ్రం కింద లెక్కట. తర్వాత ఆవిడ చెప్పిన విషయం ఒకటి ఇప్పటికీ పనికొస్తోంది. 1978లో ఇంగ్లండులో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్ని అడిగి చూశారట. వాళ్ళలోనూ ఎక్కువమందికి ఇలాంటి దిక్కుమాలిన ఆలోచనలు వస్తాయని తేలింది. ఎవరినో తోసెయ్యాలని, గుళ్ళో బూతు మాట అనాలని, ఇలాంటివే. తేడా ఏమిటంటే వాళ్ళు 'అదేంటి, అలా అనిపించింది' అనుకుని కూర తరుగుతూ పోతారు. మనం సొరుగుకి తాళం వేస్తాం. వేసిన ప్రతిసారీ, 'నిజంగానే ప్రమాదం ఉంది కాబట్టే తాళం వేసింది' అని మనసు రాసిపెట్టుకుంటుంది.

అయితే ఆలోచనే రాకుండా చూసుకుంటే పోలేదా అంటే, మన పెద్దవాళ్ళు చెప్పే కోతి కథే. జబ్బుకిచ్చిన మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకు అంటే గ్లాసు ఎత్తిన ప్రతిసారీ కోతే. అమెరికాలో వెగ్నర్ అనే సైకాలజిస్టు 1987లో ఇదే పనిని తెల్ల ఎలుగుబంటితో చేశాడట. విద్యార్థుల్ని అయిదు నిమిషాలు దాన్ని తలుచుకోవద్దన్నాడు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి.

అంతా విన్నాక నేను అసలు ప్రశ్న అడిగాను. "అంటే నేను చెయ్యనన్నట్టే కదా మేడమ్?"

"ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పనండీ."

నాకు ఒళ్ళు మండింది. సెషన్‌కి వెయ్యి రూపాయలు తీసుకుని ఆ ఒక్క ముక్క చెప్పదా? మా ఆయన ఫ్రీగా చెబుతారు! మళ్ళీ అడిగాను. "రేపు ఏం జరుగుతుందో గ్యారంటీ ఎవరివ్వగలరు? నేనివ్వలేను. మీ ఆయన రోజూ ఇస్తున్నారుగా, ఎంతసేపు నిలుస్తోంది?" అన్నారు. గంట అని నేనే చెప్పి ఉన్నాను కదా, ఇంకేం మాట్లాడను. బస్సులో తెనాలి దాకా ఆవిడ్ని తిట్టుకుంటూనే వచ్చాను. ఇప్పుడు చూస్తే వెయ్యి రూపాయలు పెట్టి కొన్నది ఆ జవాబు చెప్పకపోవడాన్నే. ధైర్యం చెప్పించుకోవడం కూడా చేతులు కడుక్కోవడం లాంటి తంతే. ఎవరో ఒకరు ఆపాలి, ప్రేమ ఉన్నవాళ్ళు ఆపలేరు.

అందుకే ఒక సెషన్‌కి మా ఆయన్ని రమ్మన్నారు. ఆయన పాపం, పెళ్ళాన్ని ఓదార్చడం తప్పని మొదటిసారి వింటున్నారు. ముగ్గురం కలిసి ఒక మాట అనుకున్నాం. నేను అడిగితే ఆయన, "అది జబ్బు అడుగుతున్న ప్రశ్న, దానికి నేను జవాబు చెప్పను. టీ తాగుదామా?" అనాలి. మొదట్లో నేను ఏడ్చేదాన్ని, ఆయన ముఖం తిప్పుకుని గిన్నెలు కడిగేవారు. మా ఇంట్లో ఆ నెల టీ పొడి ఖర్చు పెరిగింది.

ఇక చికిత్స. ఈఆర్‌పీ అంటే భయపెట్టే దాని ఎదుట కావాలనే నిలబడటం, తంతు మాత్రం చెయ్యకపోవడం. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇద్దరు రోగుల మీద మొదలుపెట్టిన పద్ధతి నుంచి వచ్చిందట. వినడానికి మొరటుగా ఉంటుంది, చేయించడం అలా ఉండదు. భయాలన్నీ రాయించి సున్నా నుంచి వంద దాకా మార్కులు వేయించారు. ఎవరూ లేనప్పుడు కత్తెర టేబుల్ మీద ఉంచడం 30. పని అమ్మాయి పక్కన కూర్చుంటే కటింగ్ చెయ్యడం 45. మా ఆడపడుచు కూతురు షాపులో ఆడుకుంటుంటే లైనింగ్ గుడ్డ కత్తిరించడం 80. కస్టమరు పిల్ల టేబుల్ మీద కూర్చుని ఉంటే, 100. కింద నుంచి ఎక్కాలి. ఎక్కేటప్పుడు సొరుగు లేదు, రామ రామ లేదు, ఎవర్నీ అడగడం లేదు. గుండె దడదడలాడుతుంది, ఆడనివ్వాలి. దడ తగ్గినా తగ్గకపోయినా చేతిలో పని ఆపకూడదు.

అన్నిటికంటే కష్టమైంది కత్తెర కాదు, కాగితం. ఆ ఆలోచనని ఉన్నదున్నట్టు వాక్యాలుగా రాయమన్నారు. పైకి చదవమన్నారు. ఫోన్లో రికార్డు చేసి మిషన్ తొక్కుతూ ఇయర్‌ఫోన్స్‌లో వినమన్నారు. రాస్తే నిజమైపోతుందేమోనని నాకు భయం. రాశాను, చదువుతుంటే గొంతు పూడుకుపోయింది. విని విని చివరికి నా గొంతు నాకే విసుగొచ్చింది, మధ్యలో 'ఈ హుక్కు తిరగేసి కుట్టానే' అని ధ్యాస అటు పోయింది. మేడమ్‌కి చెబితే ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

రామ నామం గురించి గొడవ పెట్టుకున్నాను. దేవుడి పేరు మానెయ్యమనడానికి ఈవిడెవరు అని. మానెయ్యమనలేదు ఆవిడ. పొద్దున దీపం దగ్గర ఎంతసేపైనా చేసుకోండి, ఆలోచన రాగానే దాన్ని చెరిపెయ్యడానికి మాత్రం వాడొద్దు అన్నారు. నాకు న్యాయంగానే అనిపించింది. శనివారం గుడికి వెళ్తే ఇప్పుడు లెక్కపెట్టుకోకుండా దణ్ణం పెట్టుకుంటున్నాను.

మందు కూడా వాడుతున్నాను, దాచేదేం లేదు. సైకాలజిస్టులు మందులు రాయరు. ఆవిడ పంపిన సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ రాశారు. మొదటి వారం వికారం, తర్వాత సర్దుకుంది. ఓసీడీకి మందు గుణం తెలియాలంటే రెండు మూడు నెలలు పడుతుందని, నిలకడగా అనిపించగానే సొంతంగా ఆపొద్దని ముందే చెప్పారు. దసరా వెళ్ళాక మళ్ళీ అదే పది ప్రశ్నలు వేస్తే 13 వచ్చింది. ఆలోచన ఇప్పటికీ వస్తుంది, నిన్న కూడా వచ్చింది. మంగళగిరి పట్టు చీర తాలూకు జాకెట్టు గుడ్డ అంచు చూసుకుంటూ కత్తిరిస్తున్నాను, కస్టమరు బాబు టేపు లాగుతున్నాడు. వచ్చింది. నేను అంచు కలుస్తోందా లేదా చూసుకున్నాను.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, హోంవర్క్ కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నేను పదో తరగతి తెలుగు మీడియం. మేడమ్ పక్కన కూర్చుని తెలుగులో రాసిచ్చారు, నిజమే, కానీ ఆ పావుగంట నా సెషన్లోదే. రెండోది రిసెప్షన్. "ఓసీడీ వాళ్ళు ఎవరండీ, లోపలికి రండి" అని హాలంతా వినేలా పిలిచాడు ఆ అబ్బాయి. నేను చెప్పాక పేరుతో పిలుస్తున్నాడు, అదీ గట్టిగానే. గదుల మధ్య ప్లైవుడ్డు గోడ. పక్క గదిలో ఎవరో ఏడుస్తుంటే నాకు వినిపించింది, నాది వాళ్ళకి వినపడదా?

ఖర్చు మా బోటి వాళ్ళకి తక్కువేం కాదు. మానసిక జబ్బులకీ మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది, కానీ మా పాలసీలో ఆసుపత్రిలో చేరితేనే డబ్బు, ఇలా వచ్చి వెళ్తే రాదు. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు గుంటూరు జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళొచ్చు. హైదరాబాదు వైపు వాళ్ళకి ఎర్రగడ్డ ఉంది. ఆ పేరు వినగానే నవ్వే అలవాటు మనం మానుకుంటే బాగుంటుంది.

ఒక్క మాట మాత్రం స్పష్టంగా. నాకు వచ్చేవి నాకే అసహ్యం వేసే, భయం వేసే ఆలోచనలు. అలా కాకుండా, బతకాలని లేదు, ఏదో ఒకటి చేసేసుకోవాలి అనిపిస్తుంటే ఈ కాగితాలూ మెట్లూ సొంతంగా మొదలుపెట్టకండి. వెంటనే 14416కి ఫోన్ చెయ్యండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. ఓసీడీ ఉన్నవాళ్ళు కూడా వీడియోలు చూసి ఒకేసారి వంద మార్కుల మెట్టు ఎక్కొద్దు.

సెషన్ ముప్పావుగంట. ముందు ఫోన్ చేసి టైము తీసుకున్నా అరగంట కూర్చోవాలి, ఊలు అల్లుకునే అలవాటుంటే తెచ్చుకోండి, నేను హుక్కులు కుట్టుకుంటాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఫోన్‌పే తీసుకుంటారు, రసీదు మాత్రం అడిగితేనే ఇస్తారు, అడగండి.